బంగాళాదుంప లేట్ బ్లైట్: కొత్త రకాలు ఎలా పుడతాయి, ఎలా నెగ్గుకొస్తాయి

అందరికీ నమస్కారం.

లేట్ బ్లైట్‌ను తట్టుకుంటుందని పేరున్న వంగడం కొన్నేళ్లకు మిగతావాటిలాగే మాడిపోతుంది. బాగా పనిచేసిన మందు ఉన్నట్టుండి పట్టడం మానేస్తుంది. కొత్త రకం తెగులు దిగిందంటారు. నిజమే, కానీ అది ఎప్పుడో ఒకసారి జరిగే వింతేమీ కాదు. తెగులున్న పొలంలో కొత్త రూపాలు రోజూ పుడుతూనే ఉంటాయి. వాటిలో ఏది నిలవాలో తేల్చేది మనం వేసే వంగడం, కొట్టే మందు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి తోలే విత్తన దుంప.

ముందు రోగకారకం సంగతి. ఫైటాఫ్తొరా ఇన్‌ఫెస్టాన్స్‌ను అలవాటు కొద్దీ శిలీంధ్రాల్లో కలిపేస్తాం గానీ, ఇది ఊమైసీట్. గోధుమరంగు సముద్రపు నాచుకు దగ్గరి చుట్టం. శిలీంధ్రాల కణపొరకు కావాల్సిన ఎర్గోస్టెరాల్ అనే పదార్థాన్ని ఇది తయారుచేసుకోదు. అందుకే ఎర్గోస్టెరాల్ తయారీని అడ్డుకునే టెబుకోనజోల్, ప్రోపికోనజోల్ లాంటి మందులు దీని మీద కొడితే డబ్బు దండగే.

ఇప్పుడు లెక్క చూడండి. చల్లగా, తేమగా ఉన్నప్పుడు ఒక్క మచ్చ మీదే రోజుకు లక్షకు పైగా స్పొరాంజియాలు, అంటే బీజాల సంచులు, తయారవుతాయి. 10 నుంచి 15 డిగ్రీల్లో ఆకు తడిగా ఉంటే ఒక్కో స్పొరాంజియం పగిలి నీటిలో ఈదే జూస్పోర్లు బయటికొస్తాయి. 20 డిగ్రీలు దాటితే స్పొరాంజియమే నేరుగా మొలకెత్తుతుంది. వాతావరణం కలిసొస్తే వారం తిరక్కముందే కొత్త మచ్చ మళ్లీ స్పొరాంజియాలు విడుస్తుంది. పది లక్షల్లో ఒకదానిలో ఫలానా జన్యువు మారుతుందనుకుందాం. లెక్క కోసమే అంటున్నా, కొలిచి చెప్పిన అంకె కాదు. పది మచ్చలున్న మొక్క మీద రోజుకొకటి చొప్పున ఆ మార్పు పుడుతుంది.

అయితే మార్పు ఏ జన్యువులో రావాలి? 2009లో వెలువడిన జన్యుపటం ప్రకారం ఈ జీవి డీఎన్‌ఏ సుమారు 24 కోట్ల అక్షరాలు. అందులో నాలుగింట మూడొంతుల దాకా పదే పదే వచ్చే ముక్కలే. మొక్క రక్షణను అణచే ఎఫెక్టర్ ప్రోటీన్ల జన్యువులు ఎక్కువగా ఈ ముక్కల మధ్యే ఉన్నాయి. ఆర్‌ఎక్స్‌ఎల్‌ఆర్ అనే ఒక్క తరగతిలోనే 550కి పైగా లెక్కతేలాయి. అక్కడ జన్యువులు తెగడం, రెట్టింపవడం, మూగబోవడం తేలిక. బతకడానికి తప్పనిసరైన జన్యువులు మాత్రం వేరే భాగాల్లో పెద్దగా కదలకుండా ఉంటాయి.

వంగడంలోని ఆర్ జన్యువు కావలివాడి లాంటిది. ఏదో ఒక ఎఫెక్టర్‌ను గుర్తుపట్టి, తెగులు సోకిన మొక్క కణాన్నే చంపి దాన్ని ఆపేస్తుంది. ఆర్3ఎ గుర్తుపట్టేది ఎవిఆర్3ఎ అనే ప్రోటీన్‌ను. దాని 80వ స్థానంలో లైసిన్, 103వ స్థానంలో ఐసోల్యూసిన్ ఉంటే దొరికిపోతుంది. గ్లుటామిక్ ఆమ్లం, మెథియోనిన్ ఉన్న రూపం తప్పించుకుంటుంది. రెండంటే రెండు అమైనో ఆమ్లాల తేడా. ఎవిఆర్4 అనే ఇంకో ఎఫెక్టర్ విషయంలో ఒక అక్షరం జారి ప్రోటీన్ సగంలో తెగిపోయినా చాలు. ఇక్కడో చిక్కుంది. జన్యువుకు కనీసం రెండు ప్రతులుంటాయి కాబట్టి ఒకటి మారినా రెండోది పట్టించేస్తుంది. అందుకే తప్పించుకునే రకం తేలడానికి కొంత కాలం పడుతుంది. కానీ ఒకే ఆర్ జన్యువున్న వంగడం వేల ఎకరాల్లో పరుచుకుంటే ఆ కాలం ఇట్టే గడిచిపోతుంది. మెక్సికో అడవి జాతి సొలానమ్ డెమిస్సమ్ నుంచి తెచ్చిన ఆర్ జన్యువులను ఒక్కొక్కటిగా వాడినప్పుడు జరిగింది ఇదే.

రెండో దారి సంపర్కం. ఈ జీవిలో ఎ1, ఎ2 అని రెండు వర్గాలు. రెండూ ఒకే ఆకులో కలిస్తే ఊస్పోర్లు పుడతాయి. అవి మొక్క లేకపోయినా మట్టిలో కొన్నేళ్లు బతుకుతాయి, ప్రతిదీ కొత్త కలయికే. 1970ల దాకా మెక్సికో బయట ప్రధానంగా ఎ1 వర్గపు యూఎస్-1 అనే ఒక్క క్లోనే (సంపర్కం లేకుండా అచ్చు నకళ్లుగా పెరిగే వంశం) రాజ్యమేలింది. 1976-77లో మెక్సికో నుంచి ఐరోపాకు వెళ్లిన దుంపలతో కొత్త రకాలు దాటి ఉంటాయని పరిశోధకుల అంచనా. 1981లో స్విట్జర్లాండ్‌లో ఎ2 దొరికింది. అయితే సంపర్కానికి లేనిపోని పెద్దపీట వేయొద్దు. పుట్టిన కలయికల్లో ఎక్కువ భాగం పనికిరానివే. గెలిచిన ఒక్కటి ఆపై క్లోన్‌గానే వ్యాపిస్తుంది. ఇలాంటి క్లోన్లలో చాలావాటికి క్రోమోజోములు మూడేసి ప్రతులు.

13_ఎ2 అనే క్లోన్‌ను చూడండి. 2004లో నెదర్లాండ్స్, జర్మనీల్లో కనిపించింది, 2005లో బ్రిటన్ చేరింది. మూడేళ్లలోనే అక్కడి తెగులులో నాలుగింట మూడొంతులు ఇదే అయింది. తర్వాత దక్షిణ భారతదేశంలో టమాటా మీదా విరుచుకుపడింది. వేగంగా పెరుగుతుంది, కొన్ని ఆర్ జన్యువులను దాటేసింది, మెటలాక్సిల్ అనే మందుకు లొంగదు. ఇవి మూడు వేర్వేరు గుణాలు. క్లోన్ కాబట్టి మూటగా కదులుతాయి. మెటలాక్సిల్ కొట్టిన ప్రతిసారీ ఆ మందును తట్టుకునే గుణంతో పాటు వేగాన్నీ మనమే ఏరి నిలబెడుతున్నాం. ఒక ఊరట ఏమిటంటే, పరిశోధించిన 13_ఎ2 నమూనాలో ఎవిఆర్‌విఎన్‌టి1 లాంటి కొన్ని ఎఫెక్టర్లు చెక్కుచెదరలేదు. వాటిని గుర్తుపట్టే ఆర్ జన్యువులున్న మొక్కలు దాన్ని ఆపాయి. కొత్త వంగడంలో ఏ జన్యువులను జతచేయాలో తేల్చుకోవడానికి పనికొచ్చే సమాచారం ఇది.

మందుల విషయంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. డబ్బా మారిస్తే మందు మారిందనుకుంటారు. మందులను పనిచేసే తీరును బట్టి గ్రూపులు చేసి అంకెలిస్తారు. డైమిథోమార్ఫ్, మాండిప్రోపమిడ్ రెండూ 40వ గ్రూపే. ఒకటి తర్వాత ఒకటి కొడితే అదే మందు రెండుసార్లు కొట్టినట్టు. మెటలాక్సిల్ 4, ఫ్లూయజినామ్ 29, సైమోక్సానిల్ 27. మాంకోజెబ్ రోగకారకం కణంలో ఒకేసారి చాలాచోట్ల దెబ్బతీసే రకం కాబట్టి దానికి నిరోధకత రావడం కష్టం, జోడీగా కలపడానికి మంచిది. మెటలాక్సిల్ వచ్చిన రెండు మూడేళ్లకే, 1980లో, ఐర్లాండ్, నెదర్లాండ్స్‌లలో విఫలమైంది. మచ్చలు పొలమంతా కమ్మేశాక, కణంలో ఒకే చోట పనిచేసే మందు కొట్టడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. కోట్ల స్పొరాంజియాల్లోంచి తట్టుకునేదాన్ని వెతికి పెట్టినట్టవుతుంది.

మందు పట్టకపోతే వెంటనే నిరోధకత అనేయకండి. పిచికారీ చేసిన గంటకే వాన కురిసిందా, ఆకు అడుగుభాగం తడిసిందా, ఆ తర్వాత ఎన్ని కొత్త ఆకులొచ్చాయి, అవి ముందు చూడండి. అవన్నీ సరిగానే ఉంటే నమూనా తీయండి. గోధుమరంగు మచ్చ అంచున లేతాకుపచ్చ వలయం ఉన్న తాజా ఆకు కోసి, అడుగుభాగం పైకి వచ్చేలా, తడి కాగితం పరిచిన పెట్టెలో 15 నుంచి 18 డిగ్రీల్లో రాత్రంతా ఉంచండి. పొద్దున ఆ వలయం దగ్గర తెల్లటి నూగు కనిపిస్తుంది. ఎండి నల్లబడిన నడిమి భాగం పనికిరాదు, అక్కడ బతికున్నది ఉండదు. నూగున్న చోటును డీఎన్‌ఏ సేకరించే ఎఫ్‌టీఏ కార్డు మీద పెట్టి గట్టిగా నొక్కి, నీడలో ఆరబెట్టి పరీక్షకు పంపండి. వంగడం పేరు, కొట్టిన మందులు, తేదీలు కార్డు మీదే రాయండి. కార్డులోని ఒక్కో గడికి ఒక్క మచ్చే. రెండు మచ్చలు కలిపితే రెండు క్లోన్ల గుర్తులు కలిసిపోయి, లేని కొత్త రకం ఉన్నట్టు ఫలితం వస్తుంది.