మంగోలియాలో పశువుల చావులు: తప్పు కాపరులదేనా?

మోడరేటర్: నమస్కారం. 2023-24 చలికాలంలో మంగోలియాలో 70 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. మంచు పేరుకుపోయి మేత అందకుండా చేసే ఆ విపత్తును అక్కడ జుద్ అంటారు. కాపరులకు సాయం చేయాలా, మందలు తగ్గించుకోమనాలా? సూటిగా అడుగుతున్నా, సోషలిజం పోయాక కష్టపడే అలవాటు పోయిందా?

ఆర్థికవేత్త: అలవాటు కాదు సార్, లెక్క మారింది. సోషలిజం నాటి నెగ్దెల్ అనే సహకార సంఘాల కాలంలో మంద సంఘానిది. కాపరికి జీతం, పెన్షన్ ఉండేవి. సొంతానికి ఇంటికి, ప్రాంతాన్ని బట్టి 50 నుంచి 75 పశువులే. 1990ల మొదట్లో సంఘాల్ని రద్దు చేసి మందలు పంచేశారు. ఇప్పుడు ఎన్ని తలలుంటే అంత ఆస్తి. అందుకే మేకలు...

పరిశోధకురాలు: మేకలే ఎందుకు పెంచారో కూడా...

ఆర్థికవేత్త: పూర్తి చేయనివ్వండి మేడమ్! 1990లో మేకలు దాదాపు 50 లక్షలు. క్యాష్మియర్ ఉన్ని కోసం పెంచుకుంటూ పోతే రెండున్నర కోట్లు దాటాయి. పచ్చికభూమిని ప్రైవేటుకు ఇవ్వకూడదని రాజ్యాంగమే చెబుతోంది. పశువు నాది, గడ్డి అందరిదీ! పన్ను వేయాల్సిందే.

మోడరేటర్: అంటే పని మీద శ్రద్ధ తగ్గి, ఆశ పెరిగినట్టేగా?

పరిశోధకురాలు: అస్సలు కాదండీ. అప్పుడు దూరపు మేతకు పోవాలంటే లారీ సంఘం పంపేది. ఎండుగడ్డి, పశువైద్యుడు సంఘం బాధ్యతే. ఇప్పుడు డీజిల్ దగ్గర్నుంచి అన్నీ తనే కొనుక్కోవాలి. వసంతంలో మేకల్ని దువ్వి ఉన్ని అమ్మితేనే చేతికి డబ్బు, అప్పటిదాకా అప్పులే. అలాంటి మనిషిని బద్ధకస్తుడంటే నాకు కడుపు మండుతుంది.

పశువైద్యుడు: ఇంకో సంగతి. ఫ్యాక్టరీలు మూతపడి, పట్నాల నుంచి వెళ్లి మందలు పట్టుకున్నవాళ్లు చాలామంది. 1990లలో కాపరుల సంఖ్య రెండింతలు దాటింది. 1999 నుంచి వరసగా వచ్చిన జుద్‌లలో బాగా చితికిపోయింది చిన్న మందలవాళ్లే.

మోడరేటర్: నేననేది అదే! అలవాటు లేనివాళ్లు...

పశువైద్యుడు: అనుభవం లేకపోవడం వేరు, కష్టపడకపోవడం వేరు సార్.

మోడరేటర్: గుర్రాలు వదిలేసి మోటార్‌సైకిళ్ల మీద మందలు తోలుతున్నారట కదా?

పరిశోధకురాలు: దానికీ దీనికీ సంబంధం ఏమిటండీ? మైనస్ 40 డిగ్రీల చలిలో...

ఆర్థికవేత్త: (గొంతు పెంచి) మోటార్‌సైకిల్ సంగతి వదిలేయండి. మళ్లీ చెబుతున్నా, మేకలు! పన్ను!

పరిశోధకురాలు: తలకింతని పన్ను 2021లోనే వచ్చింది కదా. చావులు ఆగాయా?

ఆర్థికవేత్త: చాలలేదు. పెంచాలి!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు)

పరిశోధకురాలు: మంద పోయినవాళ్లు రాజధాని ఉలాన్‌బాతర్ అంచున గుడారాల్లో, చలికి బొగ్గు కాల్చుకుంటూ బతుకుతున్నారు. అక్కడ వాళ్లకు ఏం పని దొరుకుతుందో...

ఆర్థికవేత్త: మందలకు హద్దు ఉంటే అంతదాకా వచ్చేదే కాదు!

మోడరేటర్: టైమ్ అయిపోయింది. పన్ను తప్పదన్న వాదన బలంగా వినిపించింది. కష్టపడే అలవాటు మీద మాత్రం...

పరిశోధకురాలు: సార్, నేనింకా పూర్తి చేయలేదు, వాళ్ల పిల్లల...

మోడరేటర్: సారీ మేడమ్. ఇప్పుడు చిన్న బ్రేక్.