కాపాడుకునేది ఉంటేనే కదా

శ్రోతలకు నమస్కారం.

2024 జూలై 4న బ్రిటన్‌లో జరిగిన సార్వత్రిక ఎన్నికల్లో కన్సర్వేటివ్ పార్టీకి 650 స్థానాలకు గాను 121 మాత్రమే దక్కాయి. 2019లో 365 గెలిచిన పార్టీ ఇది. దాని సుదీర్ఘ చరిత్రలో ఇంతటి పతనం ఎన్నడూ లేదు. ఒకవైపు, దానికంటే కుడివైపున ఉన్న రిఫార్మ్ యూకే పార్టీ దాని ఓట్లను చీల్చుకుపోయింది. మరోవైపు మాజీ ప్రధానులు డేవిడ్ కామెరాన్, థెరిసా మే ఒకప్పుడు గెలిచిన విట్నీ, మెయిడన్‌హెడ్ స్థానాలు కూడా మధ్యేవాద లిబరల్ డెమోక్రాట్ల వశమయ్యాయి.

ఆ పార్టీ ఇంకా కుడివైపు జరగాలా, మధ్యకు రావాలా అన్న వాదన అప్పటి నుంచీ సాగుతూనే ఉంది. నాకు మాత్రం అసలు ప్రశ్న వేరే ఉందనిపిస్తుంది. ఉన్నదాన్ని కాపాడుకుందాం అని చెప్పే పార్టీ అది. కాపాడుకోవడానికి ఏమీ లేనివారు ఆ మాట ఎందుకు వినాలి? ఆ ఎన్నికల్లో డెబ్బై దాటినవారే దానికి గట్టిగా అండగా నిలిచారు. పాతికేళ్ల లోపువారిలో పదో వంతు కూడా దానికి ఓటు వేయలేదు. జీతంలో పెద్ద భాగం అద్దెకే పోతుంటే, సొంత గూడు ఎప్పటికి ఏర్పడుతుందో తెలియని వయసు అది. పెళ్లయి స్థిరపడినవాణ్ణి మనం ‘ఒక ఇంటివాడయ్యాడు’ అంటాం. ఇల్లు లేకుండా ఇంటివారు కావడం ఎలాగో వారికి తెలియడం లేదు.

ఈ పార్టీ ఇంతకు ముందు కూడా పడి లేచింది. రెండో ప్రపంచయుద్ధంలో దేశాన్ని నడిపించిన చర్చిల్‌నే 1945లో ఓటర్లు పక్కన పెట్టారు. ఆ దెబ్బతో పార్టీ తన ఇంటిని తాను సర్దుకుంది. అంతవరకూ అభ్యర్థి కావాలంటే డబ్బున్నవాడై ఉండాలి, ఎన్నికల ఖర్చు తానే పెట్టుకోవాలి. ఆ నిబంధనలను మార్చి, అభ్యర్థి ఇచ్చే సొమ్ముకు కట్టుదిట్టమైన పరిమితి పెట్టారు. సామాన్యులకు తలుపు తీయకుండా సామాన్యుల ఓట్లు అడగడం కుదరదని వారు గ్రహించారు.

ఇక 1950లో బ్లాక్‌పూల్ మహాసభలో జరిగినది నాకు మరీ ఇష్టమైన ఘట్టం. ఏటా 3 లక్షల ఇళ్లు కట్టాలని సభలో కూర్చున్న ప్రతినిధులే పట్టుబట్టారు. నాయకులు తలొగ్గక తప్పలేదు. 1951లో పార్టీ స్వల్ప ఆధిక్యంతో అధికారంలోకి వచ్చింది. గృహనిర్మాణ మంత్రి హెరాల్డ్ మాక్‌మిలన్ 1953 నాటికే ఆ లక్ష్యాన్ని చేరుకున్నారు. ఆ పార్టీ 13 ఏళ్లు పాలించింది.

తరువాత మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1980 నాటి చట్టంతో, కౌన్సిళ్లు అనే స్థానిక ప్రభుత్వ సంస్థల ఇళ్లలో అద్దెకు ఉంటున్నవారికి వాటిని భారీ తగ్గింపుతో కొనుక్కునే హక్కు ఇచ్చింది. లక్షల కుటుంబాలు ఇంటి యజమానులయ్యాయి. అయితే అమ్మగా వచ్చిన సొమ్ముతో కొత్త ఇళ్లు కట్టడానికి కౌన్సిళ్లను స్వేచ్ఛగా అనుమతించలేదు. ఒక తరానికి ఇచ్చి, తరువాతి తరానికి మిగల్చకపోవడం ఘోరమైన పొరపాటు. దాని ఫలితాన్ని నేటి యువత అనుభవిస్తోంది.

2019 ఎన్నికల ప్రణాళికలో మళ్లీ అదే 3 లక్షల సంఖ్య కనిపించింది. కానీ 2022 చివర్లో సొంత ఎంపీల ఒత్తిడికి లొంగి, స్థానిక గృహనిర్మాణ లక్ష్యాలను సూచనల స్థాయికి దించేశారు. తమ ఊరి పక్కన కొత్త ఇళ్లు రాకూడదన్న పాత ఓటర్ల కోరికే గెలిచింది. అదే ఏడాది సెప్టెంబరులో ఈ పార్టీకే చెందిన ప్రధాని లిజ్ ట్రస్ ప్రభుత్వం నిధులు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పకుండా పన్నులు తగ్గిస్తామంది. గృహరుణాల వడ్డీ ఎగబాకింది. జాగ్రత్తగా ఖర్చుపెట్టే పార్టీ అన్న పేరు కాస్తా ఆ వడ్డీల్లో కరిగిపోయింది. దీనికి పార్టీ సూటిగా క్షమాపణ చెప్పాలి.

ప్రతిపక్షంలో ఉండి ఇళ్లు కట్టించలేరు, నిజమే. కానీ దక్షిణ ఇంగ్లండ్‌లోని తమ కంచుకోటల్లో, తమ పాత ఓటరు గుమ్మం ముందే నిలబడి మాట్లాడవచ్చు. “అమ్మా, మీ మనవరాలు ఈ ఊళ్లోనే ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడే కాపురం పెట్టాలంటే, ఎదుటి పొలంలో ఇళ్లు రానివ్వాలి” అని అడగాలి. కొందరు ముఖం మీదే తలుపు వేస్తారు. అయినా పక్క గుమ్మానికి వెళ్లి ఆ మాటే చెప్పాలి.

సెలవు.