గోడ మీది క్యాలెండరు

శ్రోతలకు నమస్కారం.

మా వంటింటి తలుపు పక్కన ఒక మేకు ఉంది. ఆ మేకుకు ఒక క్యాలెండరు. దాని పక్కనే దారంతో వేలాడదీసిన పెన్సిలు. ఈ వేళ నేను మాట్లాడేది ఈ మూడింటి గురించే.

నా చిన్నప్పుడు పాల లెక్కంతా గోడ మీదే ఉండేది. పాలు రాని రోజు ఆ గడిలో అమ్మ ఇంటూ గుర్తు పెట్టేది. చుట్టాలొచ్చి అరలీటరు ఎక్కువ పోయించుకుంటే ‘అర’ అని రాసేది. ఒకటో తారీకున పాలాయన గుమ్మంలో నిలబడగానే క్యాలెండరు మేకు మీంచి దిగి ఇద్దరి మధ్యకూ వచ్చేది.

“పదకొండున నువ్వు పొయ్యలేదు కదా?”

“వచ్చానండమ్మా, తాళం వేసుంది.”

అమ్మ గడిలోకి చూసేది. కింద సన్నగా ‘పెళ్లి, తెనాలి’ అని ఉండేది. “అవునవును, మేమే లేం” అనేది. లెక్క తేలిపోయేది. ఇద్దరూ చూస్తున్నది ఒకే కాగితం మరి!

గ్యాస్ బండ మార్చినా అంతే. 14.2 కిలోల బండ ఈసారి ఎన్నాళ్లొచ్చిందో వెనక కాగితం ఎత్తి చూస్తే తెలిసేది.

పండగలు సరేసరి. చాంద్రమానంలో ఏడాదికి సుమారు 354 రోజులే కదా, ఆ తేడా పోగై రెండు మూడేళ్లకోసారి అధికమాసం వస్తుంది. 2023లో శ్రావణం అలాగే రెండుసార్లు వచ్చింది. వరలక్ష్మీ వ్రతం ఎప్పుడని ఫోన్‌ని అడిగితే ఆగస్టు 25 అని చెప్పి ఊరుకుంది. అమ్మ కాగితాలు ఎత్తి, అధిక శ్రావణం దాటుకుని, నిజ శ్రావణంలో ఆ శుక్రవారం దగ్గర వేలు పెట్టింది. వ్రతం ఎందుకు ఆలస్యంగా వచ్చిందో పక్కన నిలబడ్డ పిల్లలకి కూడా అర్థమైంది.

ఇక నా సంగతి. కిందటేడు నాన్నగారిని కంటి డాక్టరుకి చూపించాల్సిన తేదీ నా ఫోన్‌లో పెట్టుకున్నాను. ఆ రోజు నేను ఊళ్లో లేను. ఫోన్ మోగింది. అప్పటికే వచ్చి పడి ఉన్న నలభై మెసేజీలతో పాటు దాన్నీ పక్కకు తోసేశాను. ఇంట్లో ముగ్గురున్నారు. ముగ్గురిలో ఒక్కరికీ ఆ తేదీ తెలియదు. గోడ మీద రాసి ఉంటే ముగ్గురూ చూసేవాళ్లు. నాన్నగారే చూసుకునేవారు. ఆ మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

అందుకని ఒక్కటే చెబుతాను. మీ ఒక్కరికే పనికొచ్చే తేదీ ఫోన్‌లో ఉండనివ్వండి. ఇంట్లో ఇంకొకరికి కూడా సంబంధం ఉన్న తేదీ గోడ మీద ఉండాలి. డాక్టరు, గ్యాస్, కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, అన్నీ గోడ మీదకి రావాలి. పెన్సిలు మాత్రం అక్కడే కట్టి ఉండాలి. వెతుక్కోవాల్సి వస్తే ఎవరూ రాయరు.

మొన్న మా మేకుని ఒక అడుగు కిందికి దించాం. నాన్నగారు మెడ ఎత్తకుండా చూడాలని, రెండో తరగతి చదివే మా పాపకి చెయ్యి అందాలని. పొద్దున చూద్దును కదా, పదిహేడో తారీకు గడిలో గుండ్రటి అక్షరాలతో ‘డ్రాయింగు పుస్తకం’ అని రాసి ఉంది.

పదిహేడంటే రేపే. వెళ్తూ వెళ్తూ కొనాలి. సెలవు.