వర్చువల్ మెషీన్ ఇమేజ్ నిజంగా ఎంత డిస్క్ తింటోంది?

నమస్కారం అండీ. స్క్రీన్ మీద ఉన్నది ఒక వర్చువల్ మెషీన్ ఇమేజ్, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్‌కి డిస్క్‌గా పనిచేసే ఫైల్. ఇది రా ఫార్మాట్, అంటే ఆ డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టే. ముందు ఫైల్ సైజ్ చూపే లినక్స్ కమాండ్ 'ఎల్ఎస్ మైనస్ ఎల్‌హెచ్' కొడుతున్నాను. 20 జీబీ అంటోంది. అదే ఫైల్ మీద, డిస్క్‌లో నిజంగా పట్టిన చోటు చూపే 'డీయూ మైనస్ హెచ్' కొడదాం. 2 జీబీయే! ఫైల్ ఒకటే, లెక్కలు రెండు. రెండూ నిజమే.

ఎలాగో 'స్టాట్' కమాండ్‌తో చూద్దాం. సైజ్ పక్కనే బ్లాక్స్ అని ఉంది కదా, అక్కడ 41,94,304 కనిపిస్తోంది. ఒక్కో బ్లాక్ 512 బైట్లు. గుణిస్తే సరిగ్గా 2 జీబీ. ఫైల్‌సిస్టమ్ ఈ ఫైల్‌కి ఇప్పటిదాకా కేటాయించిన చోటు ఇదే. మిగతా 18 జీబీలో ఎవరూ ఏమీ రాయలేదు, అదంతా ఖాళీ. చదివితే సున్నాలు వస్తాయి. ఇలాంటి వాటిని స్పార్స్ ఫైల్స్ అంటారు.

ఇది తెలియక నేను ఒకసారి చాలా ఇబ్బంది పడ్డాను. డీయూలో చిన్నగానే ఉంది కదా అని ఇమేజ్‌ని ఎస్‌సీపీతో, అంటే నెట్‌వర్క్ మీద ఫైల్స్ కాపీ చేసే కమాండ్‌తో, బ్యాకప్ సర్వర్‌కి పంపాను. ఎస్‌సీపీ ఖాళీలను కూడా సున్నాలుగా రాసేస్తుంది. అవతల డిస్క్ నిండిపోయింది. అప్పటి నుంచి 'ఆర్‌సింక్' అనే ఇంకో కాపీ కమాండ్‌కి, ఖాళీలను ఖాళీలుగానే ఉంచే 'మైనస్ ఎస్' ఆప్షన్, ఎస్ పెద్దక్షరం, ఇచ్చే పంపుతున్నాను.

రా కాకుండా క్యూకౌ2 అనే ఇంకో ఫార్మాట్ ఇమేజ్ అయితే 'క్యూఎమూ ఐఎంజీ ఇన్ఫో' కొట్టండి. వర్చువల్ సైజ్ అంటే లోపలి ఓఎస్‌కి కనిపించే డిస్క్, డిస్క్ సైజ్ అంటే బయట నిజంగా పట్టిన చోటు. మెషీన్ రన్ అవుతుంటే లాక్ ఎర్రర్ వస్తుంది, టెన్షన్ పడకండి, 'మైనస్ యూ' చేర్చండి. అందులో యూ పెద్దక్షరం.

ఇక అందరూ తికమకపడే చోటు. మెషీన్ లోపల పెద్ద ఫైల్ ఒకటి డిలీట్ చేశాను. బయట డీయూ అంకె కదల్లేదు, చూడండి. లోపలి ఓఎస్ ఆ చోటు ఖాళీ అని తన లెక్కలో రాసుకుంది తప్ప బయటికి చెప్పలేదు. చెప్పాలంటే వర్చువల్ మెషీన్‌కి ఇచ్చిన ఈ డిస్క్ సెట్టింగ్స్‌లో డిస్కార్డ్ 'అన్‌మ్యాప్' అని, అంటే ఖాళీ అయిన చోటు బయటికి వదిలేయమని, ఉండాలి. నేను ముందే పెట్టాను. ఇప్పుడు లోపల రూట్‌గా, అంటే అడ్మిన్ యూజర్‌గా, ఏ చోటు ఖాళీయో బయటికి చెప్పే 'ఎఫ్ఎస్‌ట్రిమ్ మైనస్ ఏవీ' కొడుతున్నాను... అయిపోయింది. బయట మళ్లీ డీయూ. తగ్గింది చూశారా! ఎల్ఎస్ మాత్రం ఇప్పటికీ 20 జీబీ అనే అంటోంది.