అలమేలుమంగ అలివేలు అయిన తీరు

సభకు నమస్కారం.

ఇక్కడున్న వారిలో చాలామంది ఇళ్లలో ఒక అలివేలు ఉండే ఉంటుంది. అమ్మమ్మో, నాయనమ్మో, మేనత్తో, పక్కింటి పెద్దావిడో. ఆ పేరును ఈ రోజు ఉయ్యాలలోని పాపకు పెట్టమంటే తల్లిదండ్రులు వెనుకాడతారు. పాతకాలపు పేరనీ, పల్లెటూరి పేరనీ, అర్థం లేని పేరనీ అంటారు. పాతదన్న మాటను నేను కాదనను. అర్థం లేదన్న మాట మాత్రం నాకు కష్టం కలిగిస్తుంది. అందుకే ఈ ఒక్క పేరు గురించే మాట్లాడదలచుకున్నాను.

అలివేలుకు మూలం తమిళంలోని అలర్మేల్ మంగై. అలర్ అంటే పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే పడుచు. పువ్వు మీద కొలువైన యువతి అని అర్థం. ఆ పువ్వు తామర, ఆ యువతి లక్ష్మి. తమిళ వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారు తమ పాటల గ్రంథమైన తిరువాయ్‌మొళిలో, ఆరవ పత్తు (నూరు పాటల భాగం) పదవ దశకంలో, తిరుమలేశుని "అగలగిల్లేన్ ఇఱైయుమ్ ఎన్ఱు అలర్మేల్ మంగై ఉఱై మార్బా" అని పిలుస్తారు. క్షణమైనా విడిచి ఉండలేనంటూ అలర్మేల్ మంగై నివసించే వక్షస్థలం గలవాడా అని ఆ పిలుపుకు భావం. శ్రీవైష్ణవులు ఈ పాశురాన్ని, అంటే ఈ పాటను, శరణాగతికి ఆయువుపట్టుగా భావిస్తారు. స్వామిని శరణు వేడే ముందు ఆళ్వారు అమ్మ పేరు తలచుకున్నారన్నది గమనించవలసిన విషయం.

ఆ పేరు తెలుగు నోటికి వచ్చాక జరిగిన మార్పులను కొందరు అపభ్రంశమని తేలికగా తీసివేస్తారు. నిజానికి ప్రతి మార్పు వెనుకా మన భాష నడక ఉంది. తమిళంలో తలై, మలై అన్నవి మనకు తల, మల అయినట్లే మంగై మంగ అయింది. కాల్ కాలు అయినట్లు, పాల్ పాలు అయినట్లు, మేల్ మేలు అయింది. అలర్ చివరి రకారం పలుకుబడిలో జారిపోయింది. ఇది తమిళుల నోట కూడా జరిగిందే, వారూ అలమేలు అనే పిలుచుకుంటారు. ఇక మామిడిని మావిడి అనీ, మామయ్యను మావయ్య అనీ పలికే నోరు, అలమేలుకు మరో రూపమైన అలిమేలును అలివేలు అనడంలో వింత ఏముంది? అళివేణి అనే మాటతో దీనిని కలిపి చూడవచ్చుననిపిస్తుంది గాని, అది వేరే సమాసం. తుమ్మెదల వంటి నల్లని జడ గలది అని దాని అర్థం.

ఇంకొక సంగతి నాకు మరింత ఇష్టమైనది. ఈ పేరులోని ముక్కలు మనకు పరాయివి కావు. అలరు అంటే తెలుగులోనూ పువ్వే, వికసించడమే. అలరించడం అని మనం రోజూ వాడే క్రియ ఆ కొమ్మకు పూసినదే. మేలు అంటే మంచి అని మాత్రమే ఇప్పుడు గుర్తున్నా, మేలుకట్టు, మేలుముసుగు అన్నప్పుడు "పైన" అనే పాత అర్థం ఇంకా పలుకుతూనే ఉంది. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) "అలరులు కురియగ ఆడెనదే, అలకల కులుకుల అలమేలుమంగ" అన్నప్పుడు అలరులను, అలమేలుమంగను ఒకే పల్లవిలో ఎదురెదురుగా నిలబెట్టారు. పేరులో దాగిన పువ్వును ఎరిగే ఆయన అలా కూర్చారని నా నమ్మకం. పేరుకు అర్థం చెప్పే పని ఆ ఒక్క పల్లవి చేసినంత అందంగా ఏ నిఘంటువూ చేయలేదు.

తిరుపతికి ఆనుకొని ఉన్న తిరుచానూరుకు అలమేలుమంగాపురమనే పేరు కూడా ఉంది. అక్కడి అమ్మవారు పద్మాసనంలో కూర్చుని, పై చేతులలో తామరలు పట్టుకుని దర్శనమిస్తారు. ఆమెకున్న సంస్కృత నామం పద్మావతి. భావంలో రెండు పేర్లూ పద్మం చుట్టూ తిరిగేవే అయినా, బడి పుస్తకాలలో, పెళ్లి శుభలేఖలలో పద్మావతికి దొరికిన గౌరవం అలివేలుకు దొరకలేదు. సంస్కృతమైతే నాగరికమనీ, దేశిపదమైతే మోటు అనీ మనం ఎప్పుడో మనసులో గీసుకున్న గీత ఇందుకు కారణమని నేను అనుకుంటున్నాను.

ఈ పేరు మన సరిహద్దులలో ఆగలేదు. 1610లో మైసూరు రాజు రాజ ఒడెయరు శ్రీరంగపట్నాన్ని వశం చేసుకున్న కాలపు కథలో, కావేరిలో దూకుతూ మైసూరు రాజవంశాన్ని శపించిందని కన్నడిగులు చెప్పుకునే అలమేలమ్మ, విజయనగర ప్రతినిధి భార్య.

ఇక మన ఇళ్లలో ఆ పేరు ఎలా బతికిందో చూడండి. పూర్తి పేరు అలివేలు మంగతాయారు. తాయారు అంటే శ్రీవైష్ణవ పరిభాషలో అమ్మవారు. ఇంత పొడవైన పేరును ఇంటివారు ఎవరికి తోచినట్లు వారు తుంచుకుని, ఒకరు అలివేలూ అనీ, ఒకరు మంగా అనీ, ఇంకొకరు తాయారూ అనీ పిలిచేవారు. ఏ ముక్కతో పిలిచినా పలికేది ఆ ఒక్క మనిషే.