కాళ్ల కింద ఇసుక, కట్ట కింద గుంత

[సిరోంచ ఘాట్. మోకాలి లోతు నీళ్లలో రెండు పాదాలు.]

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు మహారాష్ట్ర ఒడ్డునున్న సిరోంచలో మునిగినవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. పారే నీళ్లలో కదలకుండా నిలబడితే పాదాల పక్కనుంచి ఇసుక జారిపోతుంది, మనిషి మెల్లగా కిందికి దిగుతాడు. కాలికి కొట్టుకున్న నీరు పక్కలకే కాదు, కిందికి కూడా మళ్లుతుంది. అడుగున గుర్రపు లాడం ఆకారంలో సుడి తిరిగి ఇసుకను తోడేస్తుంది.

అదే ఏడాది జులై వరదను సిరోంచవాళ్లకు ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. ఒడ్డు కోసుకుపోతుంటే చాలామందికి ముందు తోచే మందు గ్రోయిన్, అంటే ఒడ్డు నుంచి నదిలోకి చాచిన రాళ్ల కట్ట. అది ప్రవాహాన్ని దూరంగా నెడుతుంది. దాని చాటున నీరు నెమ్మదించి ఒండ్రు మేట వేస్తుంది. కట్ట కొస దగ్గర కథ వేరు. అక్కడ నీరు ఇరుకై వేగం పుంజుకుంటుంది. మీ కాళ్ల దగ్గరి సుడే పెద్దదై నది అడుగును తవ్వుతుంది. గుంత లోతయ్యేకొద్దీ రాళ్లు ఒక్కొక్కటే అందులోకి దొర్లిపోతాయి.

[తెర మీద పైనుంచి చూసిన నది, గళ్లుగళ్లుగా.]

ఇక కంప్యూటర్ సంగతి. కట్ట కట్టకముందే నది ఏం చేస్తుందో చూసుకోవడానికి అది నమూనా వేస్తుంది. నదిని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఏ గడిలోకి ఎంత నీరు వచ్చింది, ఎంత పోయింది, ఎంత ఊపు తెచ్చింది అని క్షణక్షణం లెక్క కడుతుంది. కిరాణా కొట్టు చిట్టాలాంటిదే, పద్దులు మాత్రం లక్షల్లో! హెక్-రాస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంజినీరింగ్ విద్యార్థి కూడా ఈ పని చేయవచ్చు.

అయితే రెండు కొలతల నమూనాలో, అంటే పొడవు, వెడల్పు మాత్రమే గళ్లుగా విడగొట్టినదానిలో, గడికి ఒకటే వేగం. పైనుంచి అడుగుదాకా సగటు తీసేస్తారు. వరద మట్టం ఎంత పెరుగుతుంది, ధార ఎటు మళ్లుతుంది అన్నవి అది బాగానే చెబుతుంది. కిందికి దూకే నీరు మాత్రం ఆ సగటులో మాయమవుతుంది. కట్టను కూల్చే సుడే బొమ్మలో కనిపించదన్నమాట. అందుకే రంగురంగుల బాణాలు చూపించి అంతా భద్రమే అనేవాళ్లను నేను నమ్మను. కొస చుట్టూ లోతును కూడా గళ్లుగా విడగొట్టే మూడు కొలతల నమూనా కావాలి. అది చాలా ఎక్కువ సమయం తీసుకుంటుంది, తీసుకోనివ్వండి.

రెండు గ్రోయిన్ల మధ్య దూరం పొడవుకు 2 నుంచి 2.5 రెట్లు అని భారతీయ ప్రమాణం ఐఎస్ 8408 చెబుతుంది. 50 మీటర్ల కట్టకు 100 నుంచి 125 మీటర్లు. అది మొదటి గీత మాత్రమే, వంపు దగ్గర అటూ ఇటూ జరిపి చూసుకోవాల్సిందే.

[కెమెరా ఆవలి ఒడ్డు వైపు.]

అదిగో, అది తెలంగాణ. ఇటు నుంచి నెట్టిన ధార అటు తగలవచ్చు. మరి గళ్ల వల నది మధ్యలో, రాష్ట్రం గీత దగ్గర ఆగిపోతే? లెక్కలో సగం నది లేనట్టే. ఆ ఒడ్డు లోతులు కూడా పడవలో వెళ్లి కొలిచి తేవాలి, అదీ వరద తీసిన తర్వాత. మే నెలలో కొలిచిన ఇసుక ఆగస్టులో అక్కడ ఉండదు.