ఊడిపోయే పంటికి స్టీల్ క్రౌన్! డాలస్‌లో మా చిన్నోడి డెంటిస్ట్ విజిట్ | నానమ్మకి ఒకటే టెన్షన్

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఇవాళ్టి వ్లాగ్‌లో వంట లేదు, కాస్ట్‌కో షాపింగ్ లేదు. మా చిన్నోడి పళ్ళ సంగతి చెప్తాను. డాలస్‌లో మనవాళ్ళు ఇద్దరు కలిస్తే ఇళ్ళ రేట్లు, గ్రీన్ కార్డు అయ్యాక వచ్చే టాపిక్ ఇదే కదా: "మీ పిల్లలకి ఏ డెంటిస్ట్? ఎంతయింది?"

కారులో వెనక సీట్లో చిన్నోడి చెయ్యి పట్టుకుని కూర్చున్నది మా అత్తమ్మ. వాళ్ళది నల్గొండ జిల్లా. ఆ జిల్లా పేరు ఎందుకు చెప్పానో కాసేపట్లో మీకే తెలుస్తుంది. ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచీ ఆమెది ఒకటే మాట. "ఊడిపోయే పండ్లకు గింత హంగామా ఏందే బిడ్డా? మా పిల్లలకు ఎవడు జూసిండు?"

నిజమే, మనిళ్ళల్లో అందరం అనుకునేదే. పాలపళ్ళు మొత్తం 20. ముందు పళ్ళు ఆరేడేళ్ళకే ఊడిపోతాయి కాబట్టి మనకి అవే గుర్తుంటాయి. వెనకాల నమిలే దవడ పళ్ళు అలా కాదు, పదేళ్ళు, పన్నెండేళ్ళు వచ్చేదాకా ఉంటాయి. చిన్నోడికి ఇప్పుడు అయిదేళ్ళు. అంటే వాడు ఇంకో అయిదారేళ్ళు వాటితోనే అన్నం తినాలి. పైగా ఆ పన్ను కింద రాబోయే పక్కా పన్నుకి చోటు పట్టి ఉంచేది కూడా అదే. ముందే పీకేస్తే పక్క పన్ను జరిగొచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది. అలా జరగకుండా స్పేస్ మెయింటెయినర్ అని ఒక తీగ చుట్టు పెట్టించుకోవాలి. అదీ చేయించకపోతే తర్వాత బ్రేసెస్ ఖర్చు ఎలాగూ మన కోసం కాచుక్కూచుంటుంది.

మా వాడి పన్ను బయటికి చూస్తే తెల్లగా, ముద్దుగా ఉంది. నొప్పి లేదు, వాపు లేదు. రెండు దవడ పళ్ళ మధ్యలో పుచ్చింది. ఎక్స్-రేలో మాత్రం ఆ రెండూ ఆనుకున్నచోట నల్లటి నీడలా కనిపించింది. బ్రష్ కుచ్చు అక్కడిదాకా పోదు, అందుకే పిల్లలకి కూడా ఫ్లాస్ చేయమని ఇక్కడ అంతలా పోరేది. పాలపంటి మీద ఉండే ఎనామిల్ పొర పల్చన, పుచ్చు మొదలైందంటే తొందరగా లోపలికి దిగిపోతుంది. "డిసెంబర్‌లో ఇండియా వెళ్ళినప్పుడు హైదరాబాద్‌లో చేయిద్దాంలే" అని మా ఆయన అన్నారు. పెద్దవాళ్ళ రూట్ కెనాల్‌కి ఆ ప్లాన్ ఎంతోమంది పెట్టుకుంటారు, తప్పేం కాదు. పిల్లల పన్ను మాత్రం మన టికెట్ డేట్ దాకా ఆగదు.

అసలు మొదట చూపించిన ఆఫీసు వేరు, పేరు చెప్పను. అక్కడ నాలుగు క్రౌన్లు, అంటే పంటికి తొడిగే టోపీలు, అది కూడా మొత్తం మత్తిచ్చి ఒకేసారి చేసేద్దాం అన్నారు. వాడికి నిజంగా అంత అవసరమా అని నాకు అనుమానం వచ్చింది. ఎక్స్-రేల కాపీ అడిగి తీసుకున్నాను. అడిగితే ఇచ్చి తీరాలి, అది మన హక్కు, మొహమాటపడకండి. రెండో డాక్టర్ అవే ఎక్స్-రేలు చూసి, ఒక పంటికి క్రౌన్, పక్కదానికి ఫిల్లింగ్, మిగతా రెండూ ఫ్లోరైడ్ పూసి కనిపెట్టుకుని ఉందాం అన్నారు. మొదటివాళ్ళు మోసం చేశారని నేను అనను, ఒకే ఎక్స్-రే చూసి ఇద్దరు డాక్టర్లు వేరేగా చెప్పడం మామూలే. కానీ చిన్న పిల్లాడికి పూర్తి మత్తు ఇస్తామంటే మాత్రం సెకండ్ ఒపీనియన్ లేకుండా సంతకం పెట్టకండి. మరీ చిన్న పిల్లలకి, నోరంతా పుచ్చులున్న వాళ్ళకి అది కావాల్సి రావచ్చు, ఆ సంగతి వేరు.

ఇక లోపల ఫ్లోరైడ్ అనే మాట వినపడిందో లేదో, అత్తమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఫ్లోరిన్ నా? మా మనవడి పండ్లకు ఫ్లోరిన్ పూస్తరా? వద్దే వద్దు. గా నీళ్ళు తాగే గదా మా ఊర్ల మనుషులు వంకర్లు పోయింది!"

నల్గొండ తెలియనివాళ్ళకి ఇది చాదస్తంలా అనిపించొచ్చు. తెలిసినవాళ్ళెవరూ నవ్వరు. ఆ జిల్లా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ హద్దు మీరి ఉండేది. అవే నీళ్ళు ఏళ్ళ తరబడి తాగి పళ్ళు గారపట్టి, ఎముకలు బిగుసుకుపోయి, వెన్ను వంగిపోయిన మనుషుల్ని ఆమె చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగింది. నీళ్ళలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు. ఒక జిల్లా పేరు అలా పుస్తకాలకెక్కింది. కృష్ణా నీళ్ళు వచ్చాక ఆ బాధ చాలావరకు తప్పింది, భయం మాత్రం ఆమెలో అలాగే ఉంది.

అందుకే ఆమెకి కొలరాడో కథ చెప్పాను. 1901లో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్టు ప్రాక్టీసుకి వెళ్ళాడు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళన్నీ గోధుమరంగు గారతో ఉన్నాయి. అచ్చం అత్తమ్మ చెప్పే పళ్ళే. ఆ గార పళ్ళు అంత తేలిగ్గా పుచ్చవని కూడా తర్వాత ఆయన గమనించాడు. దానికి కారణం తాగేనీళ్ళలో ఉన్న ఫ్లోరైడేనని 1931లో తేలింది. గార రాకుండా, పుచ్చు ఆగేలా ఎంత మోతాదు సరిపోతుందో లెక్కలు కట్టి, 1945లో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్ ఊరి నీళ్ళలో మొదటిసారి కావాలని ఫ్లోరైడ్ కలిపారు. 2015లో ఇక్కడ సిఫారసు చేసిన లెక్క లీటరుకి 0.7 మిల్లీగ్రాములు. మన దేశంలో తాగేనీళ్ళకి పెట్టిన గరిష్ఠ పరిమితి 1.5. మీ ఊరి నీళ్ళలో ఎంత ఉందో వాటర్ సప్లై వాళ్ళు ఏటా ఇచ్చే క్వాలిటీ రిపోర్టులో ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

డాక్టర్ కూడా ఓపిగ్గా చెప్పారు, నేను అత్తమ్మకి తెలుగులో చెప్పాను. పంటి మీద గార వచ్చేది పన్ను చిగురులోపల తయారవుతున్న వయసులో, అంటే ఎనిమిదేళ్ళలోపు, రోజూ ఎక్కువ ఫ్లోరైడ్ కడుపులోకి పోతే. ఇక్కడ వేసే ఫ్లోరైడ్ వార్నిష్ అయితే పంటి పైన పూసేది. చిన్న బ్రష్‌తో నాలుగు చుక్కలంత, ఉమ్మి తగలగానే గట్టిపడి పంటికి అంటుకుంటుంది. ఏడాదికి ఏ రెండుసార్లో పూస్తారు. పేస్టు విషయంలో జాగ్రత్త చెప్పేదీ ఇందుకే. మూడేళ్ళలోపు పిల్లలకి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళకి బఠానీ గింజంత. యాడ్స్‌లో చూపించినట్టు బ్రష్ పొడుగునా పేస్టు వేయడం పిల్లలకి కాదు.

అంతా విని అత్తమ్మ, "మరి ఉమ్మి మింగకుండ జూస్కో" అంది. అంటే ఒప్పుకున్నట్టే. ఆ రోజుకి వేడి పాలు, మురుకులు బంద్ అని చెప్తే మాత్రం మొహం మాడ్చుకుంది. పళ్ళు పసుపుపచ్చగా కనపడితే కంగారు పడకండి, మర్నాడు బ్రష్ చేస్తే పోతుంది.

క్రౌన్ వేసే రోజు లోపల కెమెరా ఆన్ చేయనివ్వలేదు, పక్క కుర్చీల్లో వేరేవాళ్ళ పిల్లలు ఉంటారు కాబట్టి. అందుకే మాటల్లో చెప్తున్నాను. సీలింగ్‌కి టీవీ ఉంది. లైటు కళ్ళలో పడకుండా నల్ల కళ్ళద్దాలు పెట్టారు. ముక్కుకి చిన్న మాస్కు, అందులోంచి లాఫింగ్ గ్యాస్. మాస్కుకి ఏ వాసన కావాలో వాడినే ఎంచుకోమన్నారు, బబుల్‌గమ్ అన్నాడు. గ్యాస్‌తో నిద్రపోరు, భయం తగ్గి తేలిగ్గా ఉంటారంతే. తర్వాత చిగురుకి మొద్దుబారే జెల్ రాసి, సూది వాడికి కనపడకుండా దవడ పక్కనుంచి తెచ్చి ఇచ్చేశారు. పుచ్చు నరందాకా పోయింది కాబట్టి పల్పాటమీ చేశారు. పంటి పైభాగంలో పాడైన నరం మాత్రం తీసి, వేళ్ళల్లోది అలాగే ఉంచి, మందు పెట్టి, పైన రెడీమేడ్ స్టీల్ టోపీ తొడిగేశారు. ఒకే సిట్టింగ్. పన్ను ఊడే రోజున టోపీతో సహా ఊడిపోతుంది.

అసలు గండం ఇంటికొచ్చాకే. పెదవి రెండు మూడు గంటలు మొద్దుబారి ఉంటుంది. పిల్లలకి అదేదో తమాషాగా ఉండి కొరుక్కుంటూ కూర్చుంటారు, నొప్పి తెలియదు. మత్తు దిగేసరికి పెదవి వాచి పుండై ఉంటుంది. మావాడు రెండుసార్లు మొదలుపెట్టాడు. అత్తమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, "నోరు తియ్, మూతి కొరకకు" అంటూ కథలు చెప్తూ కాపలా కాసింది. ఇంట్లో నానమ్మ ఉండటం అంటే ఏంటో అప్పుడు తెలిసింది నాకు. మత్తు దిగేదాకా పెరుగన్నం కూడా పెట్టలేదు.

ఇన్సూరెన్స్ గురించి చాలామంది అడుగుతుంటారు. ఇక్కడ పళ్ళ ఇన్సూరెన్స్ వేరే కార్డు. చాలా ప్లాన్లలో క్లీనింగు, ఎక్స్-రేలు పూర్తిగా కవర్ అవుతాయి. ఫిల్లింగులకి కొంత మనం కట్టాలి. క్రౌన్‌ని కొన్ని ప్లాన్లు బేసిక్ పనుల్లో వేస్తాయి, కొన్ని మేజర్‌లో, అంటే మనం ఎక్కువ వాటా కట్టాల్సిన పనుల్లో వేస్తాయి, అక్కడే బిల్లు తేడా వచ్చేస్తుంది. పని మొదలుపెట్టకముందే ఎస్టిమేట్ రాయించుకోండి. తెల్ల క్రౌన్ అడిగితే తేడా డబ్బు చాలాసార్లు మన జేబులోంచే. హెచ్ఎస్ఏ, ఎఫ్ఎస్ఏ అని వైద్యం ఖర్చులకి టాక్స్ లేకుండా పక్కన పెట్టుకునే అకౌంట్లు ఉంటాయి, వాటిల్లో డబ్బులుంటే దీనికి వాడుకోవచ్చు.

ఎస్‌డీఎఫ్ అని ఇంకొకటి వింటారు, వెండి కలిసిన ద్రవం. డ్రిల్ లేకుండా పుచ్చు మీద పూస్తే అది చాలాసార్లు ఆగిపోతుంది, కానీ పుచ్చినచోట పన్ను నల్లగా అయిపోతుంది. వెనక పంటికి పర్లేదు, ముందు పంటికి అంటే ఫొటోలన్నింట్లో కనపడుతుంది, ముందే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో మారింది రాత్రి పూట పద్ధతి. పాలల్లో బూస్టు కలిపి తాగించి అట్నుంచటే పడుకోబెట్టడం మానేశాం. పాలు ముందు, బ్రష్ తర్వాత, ఆ తర్వాత నీళ్ళు తప్ప ఏదీ లేదు. గమ్మీ విటమిన్లు, కిస్మిస్‌లు పంటికి అతుక్కుపోయేవి కాబట్టి అన్నంతో పాటే ఇస్తున్నాం, మధ్యమధ్యలో కాదు. ఏడెనిమిదేళ్ళొచ్చేదాకా బ్రష్ మనమే చేయించాలట.

మా పాపకి ఏడేళ్ళు, వెనకాల పక్కా దవడ పళ్ళు వచ్చేశాయి. అవి ఏ పన్నూ ఊడకుండానే చివర్లో మొలుస్తాయి కాబట్టి చాలామంది పాలపళ్ళే అనుకుని వదిలేస్తారు. వాటి గుంటల్లో తిండి ఇరుక్కోకుండా సీలెంట్ అనే పూత వేయించడానికి వచ్చే నెల అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. సూది లేదు, డ్రిల్ లేదు. మీ పిల్లలకి వేయించినవాళ్ళుంటే ఎన్నేళ్ళు నిలిచిందో కామెంట్లో పెట్టండి, పాప అపాయింట్‌మెంట్‌లోపు చదువుతాను.